శుభలేఖల రీళ్ళు

భాయ్ మానేస్తానని చెప్పిన రోజు మా షాపులో ఒక నీళ్ళ మోటారు పొట్ట విప్పుకుని బెంచీ మీద పడి ఉంది. వీధి చివరి అపార్టుమెంటు వాళ్ళది. ఆ అపార్టుమెంటు సెక్రటరీ గంటకోసారి వచ్చి, తమ ఇళ్ళలో స్నానాలు ఆగిపోయాయని చెప్పి వెళ్తున్నాడు. ఆయన చెప్పక్కర్లేదు, దగ్గరికొస్తే మాకే తెలుస్తోంది.

"ఈ నెలాఖరుకి మానేత్తాను బావా," అన్నాడు భాయ్, రాగి తీగ చుట్ట ఒకటి ఒళ్ళో పెట్టుకుని దాని కొస కోసం వెతుకుతూ.

నేను వినపడనట్టు నటించాను. మా మధ్య ఇబ్బందికరమైన మాట ఏదొచ్చినా మొదట వినపడకపోవడం నా పద్ధతి. మళ్ళీ చెబితే కోపం తెచ్చుకుంటాను.

"ఇనబడ్డాదా?"

"ఇనబడ్డాది. ఏటొచ్చింది ఇప్పుడు నీకు?"

"ఈ సెత్తలో పని నా వల్ల కాదు. సూడు, ఈ తీగలు సూడు. కొస దొరకదు, మొదలు దొరకదు. లాగితే ముడి పడిపోతాది. దిమాక్ ఖరాబైపోతంది."

మాది గాజువాకలో మోటారు వైండింగు షాపు. కాలిపోయిన ఫ్యానులు, మిక్సీలు, నీళ్ళ మోటార్లు వస్తాయి. లోపల మాడిపోయిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి, ఎండబెట్టి పంపుతాం. ఉన్నది మేమిద్దరమే. నేను విజయనగరం వైపు పల్లె నుంచి వచ్చినవాణ్ణి. పొలం పనికి పనికిరానని మా నాన్న ఊరంతా వినేలా తేల్చేశాక, ఈ పనికి వచ్చాను. భాయ్ వైజాగు పాతబస్తీ మనిషి. రోజూ బస్సెక్కి వస్తాడు. కలిసి షాపు పెట్టినప్పుడు ఇద్దరికీ నల్లటి జుట్టుండేది. ఇప్పుడు అతనికి తెల్లబడింది, నాకు అసలు లేదు.

తీగ కూడా అతనే పూర్ణా మార్కెట్ నుంచి తెస్తాడు. అక్కడి కొట్టువాడు పెద్ద రీలులోంచి మాకు కావలసినంత తీసి చుట్టగా కట్టి ఇస్తాడు గానీ ఖాళీ రీలు మాత్రం ఇవ్వడు. అత్తారింటి నుంచి వచ్చిన సారె లాగా దాచుకుంటాడు వాటిని. అందుకని మా దగ్గర సన్నతీగ, లావుతీగ, మధ్యరకం అన్నీ చుట్టలు చుట్టలుగా గోడ మేకులకు వేలాడతాయి. ఫ్యాను గాలికి అవి ఒకదాన్నొకటి కౌగిలించుకుంటాయి. విడదియ్యబోతే తీగ మీది పూత గీసుకుపోతుంది. పూత పోయిన తీగతో చుట్టిన మోటారు రెండ్రోజుల్లో మళ్ళీ పొగలు కక్కుతూ మా దగ్గరికే వస్తుంది.

కాబట్టి భాయ్ ఫిర్యాదు న్యాయమైనదే. కాకపోతే ఈ చెత్త ఇవాళ పుట్టింది కాదు. ఇన్నేళ్ళూ అదే చెత్తలో కూర్చుని, నోట్లో కిళ్ళీ పెట్టుకుని, పాటలు పాడుతూ ముళ్ళు విప్పిన మనిషి ఇతనే. ఇప్పుడే ఎందుకు చిరాకు పుట్టిందో నాకు అర్థం కాలేదు. అచ్యుతాపురంలో కంపెనీ ఉద్యోగం చేస్తున్న కొడుకు ఇంట్లో కూర్చోమని పోరుతున్నాడని మాత్రం తెలుసు.

టీ కొట్టాయన వచ్చి ఎప్పటిలాగే నాకు ఫుల్లు, అతనికి హాఫ్ పెట్టి వెళ్ళాడు. కొన్నాళ్ళుగా భాయ్ హాఫ్ టీ మనిషైపోయాడు. డాక్టరు షుగరు తగ్గించమన్నాడట. అదే మనిషి పూర్ణా మార్కెట్ నుంచి వస్తూ జిలేబీ పొట్లం తెచ్చుకుని నా ఎదురుగానే తినేవాడు. అడిగితే, జిలేబీ వేరు, టీ వేరు అన్నాడు. ఈ వైద్యం నా బుర్రకెక్కలేదు గానీ, జిలేబీలో నాకూ వాటా ఉంది కాబట్టి ఎక్కువ తవ్వలేదు.

ఆ పూట ఇంటికి వెళ్తూ నిజంగా భయపడ్డాను. పని పోతుందని కాదు, పని ఎలాగో జరుగుతుంది. కానీ పొద్దున్నే వచ్చి, "నిన్న నువ్వు కట్టిన ముడి సూసినావా, గేదెని కట్టినట్టు కట్టినావు," అనే మనిషి లేకపోతే ఆ షట్టరు ఎత్తాలనిపించదు నాకు. ఇంట్లో నా మాట ఎవరూ ఖాతరు చెయ్యరు. షాపులో కనీసం ఒకడు విని, కాదంటాడు.

అందుకని నిర్ణయించుకున్నాను. అతనికి తీగల వంక దొరికింది కాబట్టి ఆ వంక లేకుండా చెయ్యాలి. రీళ్ళు నేనే తయారు చెయ్యాలి, అదీ పైసా ఖర్చు లేకుండా. ఈ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ, "ఉన్న సెత్తని ఇంకా పెద్ద సెత్త సేత్తారు," అంది. మా కాపురంలో ఆవిడ అన్న మాటల్లో ఇది మెత్తనిదే.

రీలంటే బ్రహ్మవిద్యేమీ కాదు. మధ్యలో ఒక గొట్టం, రెండు పక్కలా రెండు బిళ్ళలు. గొట్టానికి ప్లంబర్లు పారేసిన పీవీసీ పైపు ముక్కలు వీధిలో ఎక్కడ పడితే అక్కడ దొరికాయి. చిక్కల్లా బిళ్ళలతోనే. మొదట ఫిషింగ్ హార్బరు నుంచి చేపల థర్మాకోల్ పెట్టెలు తెచ్చాను. సబ్బుతో కడిగాను, ఫినాయిలు పోశాను, రోజంతా ఎండలో పెట్టాను. వేడి తీగతో కోస్తే వెన్నలా తెగాయి. తెల్లగా, గుండ్రంగా, పెసరట్టంత బిళ్ళలు. వరసగా బల్ల మీద పేర్చి, తీగలు చుట్టి, నా పనితనానికి నేనే మురిసిపోయి ఇంటికెళ్ళాను.

పొద్దున షట్టరు ఎత్తేసరికి లోపల గాజువాక పిల్లుల మహాసభ జరుగుతోంది. వెంటిలేటర్‌లోంచి వచ్చినట్టున్నాయి. మనిషి ముక్కుకి పోయిన వాసన పిల్లి ముక్కుకి పోలేదు. ఒక్క బిళ్ళ మిగల్లేదు. నురుగులాంటి తెల్ల ముక్కలు నేలంతా, వాటి మధ్య తీగలు మునుపటికంటే ఘోరంగా. ఒక గండుపిల్లి సన్నతీగలో నాలుగు కాళ్ళూ చిక్కుకుని, తప్పంతా నాదే అన్నట్టు నన్ను చూసింది. భాయ్ గుమ్మంలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు కాబట్టి ఆ పిల్లిని ఏమీ అనకుండా విడిపించి పంపాను.

"నవ్వింది సాల్లే. మానేత్తానన్న మాట ఎనక్కి తీసుకో," అన్నాను.

"ఇప్పుడింకా గట్టిగా సెప్తన్నాను," అన్నాడు.

రెండో ఆలోచన అటక మీద దొరికింది. మా షాపు అటక మీద పెళ్ళికార్డులు గుట్టగా ఉంటాయి. మోటారు బాగు చేయించుకున్న ప్రతివాడూ కూతురి పెళ్ళికి మమ్మల్ని పిలుస్తాడు. పిలవడానికి కారణం ప్రేమే అనుకుంటాం, పెళ్ళి రోజు నీళ్ళ మోటారు ఆగితే మేము అక్కడే ఉంటామన్న ధైర్యం కూడా ఉండొచ్చు. కార్డులు మందంగా, నున్నగా ఉంటాయి. తీసుకున్నాక పారెయ్యలేం. మావాళ్ళ కార్డు మీద నాలుగు మూలలా పసుపు, పైన వినాయకుడు, ఆయన పక్కన వేంకటేశ్వరుడు. భాయ్ వాళ్ళ కార్డు మీద పైన బిస్మిల్లా. ఇద్దరికీ భయమే. అందుకని రెండు మతాల కార్డులూ ఏళ్ళ తరబడి అటక మీద ఒకదాని మీద ఒకటి పడుకుని, మేము చేసుకున్నంత సఖ్యంగా కాపురం చేస్తున్నాయి.

"నాలుగైదు కలిపి మైదా జిగురుతో అతికిద్దాం. గుండ్రంగా కోసి వార్నిష్‌లో ముంచి ఎండబెడితే రేకులాగైపోతాది," అన్నాను.

భాయ్ ముఖం మారిపోయింది. "కొయ్యడం నా వల్ల కాదు బావా. ఆటి మీద దేవుడి పేరుంటాది."

నాకు గౌరవం కలిగింది. ఇన్నేళ్ళుగా మా ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం ఉంది. ప్రపంచంలో దేన్నైనా వెక్కిరిస్తాం, ఒకరి దేవుణ్ణి ఒకరం వెక్కిరించం. అతని కార్డు నేను కోస్తే బాగుండదు, నా కార్డు అతను కోస్తే అస్సలు బాగుండదు, ఎవడి కార్డు వాడు కోసుకుంటే పాపం. కాబట్టి దేవుళ్ళున్న పైభాగమంతా జాగ్రత్తగా మడత దగ్గర విడదీశాను. మా వినాయకుళ్ళ కట్ట సముద్రంలో కలపడానికి ఒక పక్కన, వాళ్ళ బిస్మిల్లాల కట్ట మసీదులో ఇవ్వడానికి ఇంకో పక్కన పెట్టాను. మిగిలిన ముక్కల్లో దేవుడు లేడు. ముహూర్తం ఉంది, ఫంక్షన్ హాలు ఉంది, విందు ఎన్ని గంటలకో ఉంది. విందుకి మతం లేదు కదా. ఆ ముక్కల్ని జిగురుతో అతికి, పాడైపోయిన మోటారు బాడీ బరువు పెట్టి నొక్కాను. అవి ఆరి గట్టిపడ్డాక టిఫిను డబ్బా మూత పెట్టి గుండ్రాలు గీసి, రేకు కత్తెరతో సహా భాయ్ ముందు పెట్టాను.

"ఇగో, దేవుడు లేడు, దువా లేదు. ఉత్త బిర్యానీ. కొయ్యి," అన్నాను.

అతను అట్ట వైపు చూశాడు, కత్తెర వైపు చూశాడు. ఇంక చెప్పడానికి వంక దొరకలేదు. కత్తెర తీసుకుని గీత మీద పెట్టాడు. గీత మీద నిలవలేదది. అట్ట గాలిపటంలా టపటపా కొట్టుకుంది. ఫ్యాను ఆపే ఉంది. అయినా అతను ఆపలేదు, పళ్ళు బిగించి గుండ్రం మొత్తం కోసి నా ముందు పడేశాడు. అది ఎలకలు కొరికిన అప్పడంలా ఉంది.

"ఏటిది భాయ్, బిళ్ళా, రంపమా?" అని నవ్వబోయాను. అప్పటికి అతను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. తొడల కింద కూడా అవి ఆగలేదు.

హాఫ్ టీ ఎందుకో అప్పుడర్థమైంది. నిండు గ్లాసు ఎత్తితే ఒలికిపోతుంది. ముళ్ళు ఎందుకు విప్పలేకపోతున్నాడో, పాటలు ఎందుకు మానేశాడో, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. జాలి తర్వాత వచ్చింది. ముందు కోపమే వచ్చింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"రంజాన్ ముందునుంచి."

"నాకెందుకు సెప్పలేదు? నాను మనిషిని కాదా?"

"మావోడు సూసేసినాడు, అన్నం తింటంటే. ఇంక సాలు, ఇంటికాడ కూసో అంతన్నాడు. ఇంటికాడ కూసుని ఏటి సెయ్యాలి బావా? టీవీ రిమోటు కూడా కోడలి సేతిలోనే ఉంటాది."

"డాక్టరేటన్నాడు?"

"మాత్రలిచ్చినాడు. ఎక్కువవ్వకుండా సూత్తాడంట. పోతాదని మాత్రం సెప్పలేదు."

"మరి తీగల మీద ఎందుకు తోసినావు నేరం?"

చేతులు తొడల కిందికి ఇంకా లోపలికి తోసుకున్నాడు. తర్వాత, "సేతులు పోనాయని సెప్పి ఎల్తే నువ్వు జాలి పడతావు," అన్నాడు. "తీగలు బాగోనేదని ఎల్తే తిట్టుకుంటావు. తిట్టుకుంటే నాకేటీ పర్లేదు బావా. నువ్వు జాలి పడితే నాను తట్టుకోనేను."

లేచి అట్టలన్నీ నా ముందుకు లాక్కుని కత్తెర తీసుకున్నాను. ఆ రోజంతా కోశాను. కోసిన బిళ్ళల్ని వార్నిష్‌లో ముంచి పైకప్పు మీద ఎండకి వేశాను. మా ఊరి గాలిలో ఉప్పు సగం, దుమ్ము సగం. ఆ దుమ్ము కాస్త అంటుకున్నా బిళ్ళలు కొయ్యల్లా గట్టిపడ్డాయి. పైపు కొసని స్టవ్ మీద వేడి చేసి, మెత్తబడగానే బిళ్ళ మధ్య రంధ్రంలోంచి దూర్చి, స్టీలు గ్లాసు అడుగుతో నొక్కితే పెదవిలా బయటికి విప్పుకుంది. చల్లారాక బిళ్ళ ఊడి రమ్మన్నా రాదు. రెండో పక్కా అంతే. ఆ ప్లాస్టిక్ కంపుకి పక్క షాపు టైలరు గుండెల మీద చెయ్యి పెట్టుకుని వచ్చి మా ముఖాలు చూసి వెళ్ళాడు.

రీళ్ళు చేస్తూ చేస్తూ ఉండగా అసలు సంగతి తోచింది. మాకు చుట్టే మిషను ఉంది, పిడి తిప్పితే తిరిగేది. కుడిచేత్తో పిడి తిప్పుతూ, ఎడమచేత్తో తీగని బిగువుగా పట్టుకోవాలి. పిడి తిప్పడానికి చెయ్యి వణికినా ఫరవాలేదు. వణుకు తీగలోకి వెళ్ళేది ఎడమచేతి నుంచే. ఆ ఎడమచెయ్యి పని ఇంకెవరైనా చేస్తే? రీలుని ఇనప చువ్వ మీద గుచ్చి బెంచీకి బిగించాను. తీగ వచ్చే దారిలో నా పాత హవాయి చెప్పు ముక్కలు రెండు ఎదురెదురుగా పెట్టి, వాటి మధ్య మెత్తటి గుడ్డ వేసి, బట్టలారేసే క్లిప్పుతో నొక్కాను. తీగ ఆ చెప్పుల మధ్యనుంచి బిగువుగా, తిన్నగా రావాలి. ఒకసారి తిప్పి చూశాను, వచ్చింది. గర్వంతో భాయ్‌ని పిలిచి చూపించాను. అక్కడే తప్పు చేశాను. కాస్త తక్కువ గర్వంతో చూపించాల్సింది.

"నాకేటి బావా, సిన్నపిల్లల మూడు సక్రాల బండి సేసినావా?" అన్నాడు. చొక్కా తగిలించుకుని బస్సుకి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. టీ కొట్టాయన అలవాటుగా ఫుల్లూ హాఫూ తెచ్చి పెట్టాడు. రెండూ నేనే తాగాను. తర్వాత సెక్రటరీ వచ్చాడు, మొదటి మోటారు బాగుచేసి పంపామో లేదో, ఈసారి అపార్టుమెంటు రెండో మోటారు కాలిందట. ఆ ఇళ్ళవాళ్ళకి స్నానం రాసిపెట్టి లేదు పాపం. ఆయన అరుస్తూనే ఉన్నాడు, నేను మోటారు విప్పాను గానీ చేతులు సాగలేదు. కోపమంతా భాయ్ మీద పెట్టుకుందామని చూశాను. నిలవలేదు. అతను ఇంక రాడేమో అన్న దిగులే మిగిలింది.

ఆ మర్నాడు నేను షట్టరు ఎత్తుతుంటే చంకలో పెద్ద కట్టతో బస్సు దిగాడు. కట్ట తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేశాడు. అన్నీ కొత్త పెళ్ళికార్డులు.

"మా ఈదిలో ప్రింటింగ్ ప్రెస్సోడు పారేత్తంటే తెచ్చినాను. తప్పచ్చు పడ్డవి. పైన దేవుడి బొమ్మ కూడా పళ్ళేదు. కోసుకో," అన్నాడు.

నిన్న ఎందుకు రాలేదని నేను అడగలేదు. రెండో మోటారు చూపించాను. సెక్రటరీ గురించి అతను ఒక మాట అన్నాడు, అది ఇక్కడ రాయదగింది కాదు. మిషను ముందు కూర్చుని, హవాయి చెప్పుల మధ్యనుంచి వచ్చే తీగ కొసని చాలాసేపు తంటాలుపడి కాయిల్ చుట్టే చెక్క అచ్చుకి తగిలించాడు. నేను చెయ్యి సాయం చెయ్యబోయి, ఎందుకో ఆగి, వేరే పని ఉన్నట్టు అటు తిరిగాను. వెనక పిడి చప్పుడు మొదలైంది. తిరిగి చూస్తే తీగ గీత గీసినట్టు వస్తోంది, వరసకి వరస ఒత్తుగా కూర్చుంటోంది. చెయ్యి వణుకుతూనే ఉంది. ఆ వణుకు చేతిలోనే ఆగిపోయింది, తీగ దాకా వెళ్ళలేదు.

కాయిల్ పూర్తయ్యాక దాన్ని మోటారు సందుల్లో దూర్చాలి, అది సన్న పని. అతనే లేచాడు. "ఇక్కడ నువ్వు కూసో. గేదె ముళ్ళు కట్టకు," అన్నాడు. అప్పటినుంచి చుట్టడం అతను, దూర్చడం నేను. అపార్టుమెంటువాళ్ళు స్నానాలు చేశారు. సెక్రటరీ థాంక్సు చెప్పడానికి వస్తే దగ్గర కూర్చోబెట్టుకున్నాం కూడా.

ఇప్పుడు మా గోడ మీద తీగ చుట్టలు లేవు. రీళ్ళున్నాయి, వాటి బిళ్ళల మీద పెళ్ళిళ్ళున్నాయి. తీగల్ని నంబర్లతో పిలవడం కూడా మానేశాం. "ఆ కాంట్రాక్టరు కూతురి పెళ్ళి అందుకో," అంటే ఫ్యాను తీగ. "రైల్వే ఆయన కొడుకు నిఖా," అంటే మిక్సీ తీగ. ఒక రీలు మీది జంట విడిపోయారని తెలిసింది. ఆ తీగ తెగినప్పుడల్లా భాయ్ తల ఊపి, "ఇది ముందే తెలిసిందే," అంటాడు.

నెలాఖరు వచ్చింది. పొద్దుటినుంచి అతను ఏమంటాడా అని నాకు ఒకటే గుబులు. అతను మాత్రం పిడి తిప్పుతూనే ఉన్నాడు. సాయంత్రం టీ కొట్టాయన ఫుల్లూ హాఫూ తెచ్చి పెట్టాడు. భాయ్ హాఫ్ గ్లాసు వైపు చూశాడు.

"ఇదేటి? నాకూ ఫుల్లే తే."

టీ కొట్టాయన నా వైపు చూశాడు. నేను గోడ మీది పెళ్ళిళ్ళ వైపు చూశాను.

నిండు గ్లాసు వచ్చింది. భాయ్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎత్తాడు. కొంత బెంచీ మీద, కొంత ప్యాంటు మీద, కొంత రీలు మీద ఒలికింది. వార్నిష్ బిళ్ళ కాబట్టి దాని మీద అచ్చైన విందు వేళ మీదనుంచి టీ జారిపోయింది. గ్లాసులో మిగిలింది అతను తాపీగా తాగాడు, ఎక్కడా దాచకుండా, నా ఎదురుగా. నేను నా గ్లాసు ముట్టుకోవడం మరిచి చూస్తూ కూర్చున్నాను. అతని చేతులు చూసి కాదు, అతను వాటిని నాకు చూపిస్తున్నందుకు.

"ఏటి సూత్తన్నావు? గుడ్డ తే," అన్నాడు.

అతనికి వినపడేలా గట్టిగా తిట్టుకుంటూ గుడ్డ తెచ్చాను.